రెండో అంకె

ఫిబ్రవరి 17, ఆదివారం

పూజ అయ్యాక థేడీ మొరోనీ చర్చి గోడ ఎక్కాడు. అరవై మూడేళ్ల వయసులో అతను గోడ ఎక్కాలంటే ఇద్దరు కిందనుంచి తొయ్యాలి, ఒకడు పైనుంచి లాగాలి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అదే గోడ, అదే ఉపన్యాసం. రిపబ్లిక్ కోసం జైల్లో పస్తులుండి సగమైపోయానని చెప్పాడు. ఆ పోయిన సగాన్ని వడ్డీతో సహా రాబట్టుకున్న సంగతి కోటు గుండీలే చెబుతున్నాయి.

నేను ఇంటికి పోదామనే బయలుదేరాను. నోరు ఆగలేదు.

"మన దేశంలో ఆరు జిల్లాలు ఇంకా ఇంగ్లండు చేతిలోనే ఉన్నాయి థేడీ. ముప్పై ఏళ్లుగా పార్లమెంటు సభ్యుడివి. వెనక్కి ఎన్ని తెచ్చావు?" అన్నాను.

జనం నవ్వారు. థేడీ కూడా నవ్వాడు. ఎప్పుడూ అంతే. తిడితే నవ్వే మనిషిని ఏం చెయ్యగలం.

"చూశారా, మలాకీ టూహీ గారు కూడా వచ్చారు. ఏరా మలాకీ, ముప్పై ఏళ్లుగా ఓటు వెయ్యవు, ప్రశ్నలు మాత్రం వేస్తావు. ఒక్కసారి నిలబడి చూడరాదూ. నలభై ఓట్లు కూడా రావని భయమా?"

నలభై. జిల్లా గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లు చేశాను. నా దగ్గర పుస్తకం పట్టుకుపోయి తిరిగివ్వనివాళ్లే నలభై మందికి పైగా ఉన్నారు.

ఫిబ్రవరి 18

నాకు పదవి అక్కర్లేదు. ఎన్నడూ అక్కర్లేదు. 1927లో పార్టీ మీటింగులో థేడీకి పదకొండు చేతులు లేచాయి, నాకు తొమ్మిది. అప్పుడూ అక్కర్లేదు.

ఫిబ్రవరి 19

నామినేషన్ వేశాను.

ఈ మాట మధ్యాహ్నం చెల్లెలు డెలియాకి చెప్పాను. పంది మాంసం, క్యాబేజీ వడ్డిస్తోంది. గరిటె ఆపలేదు.

"గెలుస్తావా?" అంది.

"గెలవడానికి కాదు. థేడీని ఓడించడానికి."

"అదెలా?"

"మన జిల్లాకి మూడు సీట్లు. రెండు ఎటూ తేలిపోయినవే. మూడోదానికి థేడీ, పశువుల డాక్టర్ కిల్డే కొట్టుకుంటున్నారు. అటో రెండొందలు, ఇటో రెండొందలు. థేడీవి నేను చీలిస్తే చాలు."

డెలియా కూర్చుంది. ఆమె కూర్చుందంటే పాఠం చెప్పబోతోందని అర్థం. నాకన్నా ఆరేళ్లు చిన్నది, స్కూల్లో నాకన్నా తక్కువ చదివింది.

"మలాకీ, కాగితం మీద నచ్చిన వరసలో అంకెలేస్తారు కదా, నీ పేరు పక్కన జనం ఒకటి వేస్తారు, సరే. అందరికన్నా ముందు ఊడేది నువ్వే. ఊడగానే నీ కట్ట విప్పి, ఏ కాగితం మీద రెండో అంకె ఎవరికుందో చూసి వాళ్ల కట్టలో కలుపుతారు. ఇది మన ఆవుక్కూడా తెలుసు. మరి నీవాళ్లు రెండో అంకె ఎవరికేస్తారు?"

"ఎవరికీ వెయ్యరు. ఒకటి వేసి పెన్సిల్ కింద పెడతారు. అలాగే చెప్తాను."

"కిల్డేకి వెయ్యరా?"

"కిల్డేకా? ఒప్పందం వాళ్లకా?"

"అందుకే అడుగుతున్నా," అని లేచి ఆవపిండి తెచ్చింది. ఎందుకు అడుగుతోందో నాకు తెలియలేదు. తను కూడా చెప్పలేదు.

కిల్డే తండ్రి ఇరవై రెండులో ఇంగ్లండుతో కుదిరి దేశాన్ని ముక్క చేసిన ఒప్పందానికి తలూపి, కొత్త యూనిఫాం వేసుకుని, నన్నూ థేడీనీ ఒకే లారీ ఎక్కించి జైలుకి పంపినవాడు. కొడుకు నెమ్మదస్తుడు. పోయిన చలికాలంలో మా ఆవుని బతికించాడు. అయినా అతనికి ఓటు వెయ్యడమన్నది మా ఇంట్లో మనిషి మాంసం తినడంతో సమానం.

ఫిబ్రవరి 21

కరపత్రం పూర్తయింది. పేరు "థేడీ మొరోనీ నిజ జీవితం". ఎనిమిది పేజీలు. పాత రోమన్ చరిత్రకారులు తమ చక్రవర్తులకి చేసిన మర్యాద నేను థేడీకి చేశాను. ఒక్క అబద్ధం లేదు.

మొదటి అధ్యాయం ఇంగ్లండుతో పోరాడిన రోజుల్లో పోలీసు బ్యారక్ తగలబెట్టడం. కిరసనాయిలు మోసుకెళ్లింది థేడీ. అగ్గిపెట్టె మర్చిపోయాడు. మేమంతా కంచె వెనక బురదలో పడుకుని ఉంటే ఇతను తిన్నగా నడిచి వెళ్లి, బ్యారక్ తలుపు కొట్టి, కాపలా కానిస్టేబుల్‌ని అగ్గిపుల్ల అడిగాడు. వాడు ఇచ్చాడు. ఇస్తూ, "ఈ చలిలో ఎక్కడికయ్యా?" అని కూడా అడిగాడట.

రెండో అధ్యాయం జైలు. పస్తుల సమ్మెలో తొమ్మిదో రోజు ఇతని పరుపు కింద సాసేజి దొరికింది. ఎలకల కోసం పెట్టానన్నాడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇంగ్లండు రాజుకి విధేయుడినని రాసి ఉన్న పుస్తకంలో సంతకం పెట్టకుండా ఆ రోజుల్లో సభలోకి పోవడానికి లేదు. ఆ గడప తొక్కనని మా అందరి ముందూ, వాళ్లమ్మ సమాధి ముందూ ఒట్టు వేశాడు. ఆరు నెలల తర్వాత పోయి సంతకం పెట్టాడు. అడిగితే, "కళ్లు మూసుకుని పెట్టాను మలాకీ, అది లెక్కలోకి రాదు" అన్నాడు. ఆ రోజునుంచి నేను ఓటు పెట్టె మొహం చూడలేదు. నాలాంటివాళ్లు కొండ పల్లెల్లో ఇంకా నాలుగైదు వందల మంది ఉన్నారు. దేశంలో మిగిలిన అసలు రిపబ్లిక్ వాళ్లం మేమే.

నాలుగో అధ్యాయం సభలో ముప్పై ఏళ్లు. మాట్లాడింది మూడుసార్లు. రెండుసార్లు రోడ్డు గుంతల గురించి. ఒకసారి కిటికీ మూయమని.

ఫిబ్రవరి 23

ప్రెస్సువాడు థేడీ పోస్టర్లు పక్కన పెట్టి నా కరపత్రం ఒక్కరోజులో వేసిచ్చాడు. వెయ్యి అడిగితే రెండు వేలు వేశాడు. పొరపాటు అన్నాడు. పొరపాటు కాదు. పనివాళ్లలో థేడీ మీద కోపం రగులుతోంది.

ఫిబ్రవరి 24, ఆదివారం

చర్చి గేటు దగ్గర కరపత్రం పంచాను. గుంపులు గుంపులుగా నిలబడి పైకి చదువుకున్నారు. అగ్గిపుల్ల దగ్గర విరగబడి నవ్వారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ, "మా థేడీయే, అచ్చం మా థేడీయే" అంది.

అవమానంతో అన్నమాట అది.

ఫిబ్రవరి 26

కొండ పల్లెలకి బయలుదేరాను. మూడో మైలులో సైకిలు గొలుసు తెగింది. వెనకే కారొచ్చి ఆగింది. థేడీ కారు. థేడీ లేడు. డ్రైవర్ మాసీ ఒక్కడే.

"ఎక్కండి మలాకీ గారూ. ఊరికే తిరుగుతున్నా."

"మీ యజమానికి తెలిస్తే?"

"ఆయన గురించి నాకు చెప్పకండి," అని మూతి ముడిచాడు.

సొంత డ్రైవరే తిరగబడ్డాడు. రోజంతా తిప్పాడు. పంతొమ్మిది ఇళ్లు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఏ కాలు నొప్పో వాడికే తెలుసు.

చివరిది బాట్ క్యూసాక్ ఇల్లు. కొండ మీద ఆఖరి ఇల్లు అదే. డెబ్బై ఏళ్ల ముసలాడు, పీట్ మట్టిగడ్డలు మండే పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. టీ ఇచ్చాడు. గుర్రాన్ని నిలబెట్టేంత చిక్కటి టీ.

"థేడీ ఇటు వస్తాడా?" అనడిగాను.

"వచ్చాడు, ముప్పై రెండులో. కుక్కని వదిలాను."

"కరిచిందా?"

"ప్యాంటు మటుకే. అది ఇంకా పశువుల పాకలో వేలాడుతోంది, చూస్తావా?"

"ఈసారి నేను నిలబడ్డాను బాట్. నాకు ఒకటి వెయ్యి. రెండు ఎవరికీ వద్దు."

బాట్ పొయ్యిలో ఇంకో గడ్డ వేశాడు. "ముప్పై ఏళ్లయింది ఓటు వేసి. చేతికి పెన్సిల్ ఇస్తారుగా ఇప్పటికీ?"

"ఇస్తారు. దారం కట్టి."

"అయితే వస్తా," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మాసీ, పోలింగ్ రోజు ఈ ముసలివాళ్లందరినీ తనే కారులో దింపుతానన్నాడు. వాడి భుజం తట్టాను. కంటనీరొచ్చినంత పనయింది.

మార్చి 1

డెలియా: "మాసీ ఎవరి పెట్రోలు పోయిస్తున్నాడో కనుక్కున్నావా?" ఆడవాళ్లకి ఆదర్శాలంటే నమ్మకం లేదు.

మార్చి 3, ఆదివారం

నేనూ గోడ ఎక్కాను. తొయ్యడానికి ఎవరూ లేరు. దిగడానికి ఫాదర్ సాయం చేశారు. మాట్లాడింది ఇరవై నిమిషాలు. చివరిదాకా ఉన్నది పదకొండు మంది, వాన మొదలైందని చెట్టు కిందకి చేరినవాళ్లతో కలిపి.

థేడీ రోడ్డు అవతల నిలబడి అంతా విన్నాడు. అయిపోయాక టోపీ తీశాడు. వెటకారం.

మార్చి 5, మంగళవారం

రేపటినుంచి నలభై రోజుల ఉపవాసాలు కాబట్టి ఈ రోజు డెలియా అట్లు పోసింది. నిమ్మరసం, పంచదార. ఆరు తిని స్కూలుకి వెళ్లి ఓటు వేశాను. బయట మాసీ కారు ఏడోసారి వచ్చి ఆగడం చూశాను. బాట్ క్యూసాక్ కొత్త కాలరు పెట్టుకుని దిగాడు.

ఓటు వివరాలు ఇక్కడ రాయను. రహస్య బ్యాలెట్ కోసం మనుషులు ప్రాణాలిచ్చారు.

మార్చి 6, బూడిద బుధవారం

కోర్టు హాల్లో లెక్కింపు. ఫాదర్ పొద్దున్నే పెట్టిన బూడిద అందరి నుదుటి మీదా ఉంది, గుమాస్తాల మీద, పోలీసుల మీద, అభ్యర్థుల మీద. మట్టినుంచి వచ్చాం, మట్టిలోకే పోతామని గుర్తుచేసే బూడిద. పోయేలోపల సీటు ఎవరిదో తేలాలని అందరి తపన. ఎవరి కడుపులోనూ నల్లటీ, ఎండు రొట్టె తప్ప ఏమీ లేదు. అందుకే ఎవరూ మర్యాదగా మాట్లాడలేదు.

మొదటి రెండు సీట్లు మధ్యాహ్నానికి తేలిపోయాయి. మూడోదానికి థేడీ కన్నా కిల్డే 203 ఓట్లు ముందున్నాడు. కిల్డే మనుషులు కరచాలనాలు మొదలుపెట్టారు. థేడీ మనుషుల ముఖాలు నుదుటి బూడిదకన్నా బూడిదగా ఉన్నాయి. థేడీ మటుకు కిటికీ దగ్గర కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు.

నావి 431. నలభై కాదు. మళ్లీ రాస్తాను: 431. ఆ అంకె చదివినప్పుడు హాల్లో చిన్న సందడి కూడా అయింది. నా జీవితంలో అంతటి సుఖం ఎరగను. అది పావుగంట సాగింది.

తర్వాత అధికారి నేను పోటీలోంచి తొలగినట్టు చెప్పి, నా కట్ట విప్పమన్నాడు. రెండో అంకెలు చూసి గుమాస్తాలు కాగితాలు మూడు గూళ్లలో పెట్టసాగారు. రెండో అంకె లేనివి ఒక గూట్లో. కిల్డేకి ఒక గూడు. థేడీకి ఒక గూడు. నేను అడ్డ కమ్మీకి ఆనుకుని నిలబడి చూస్తున్నాను. థేడీ గూడు నిండింది. ఇంకోటి తెచ్చారు.

రెండు లేనివి 93.

కిల్డేకి 9.

థేడీకి 329.

థేడీ మొరోనీ 117 ఓట్ల తేడాతో గెలిచాడని ప్రకటించారు. అతని మనుషులు అతన్ని భుజాల మీదకి ఎత్తబోయి, బరువు చూసి, మనసు మార్చుకుని కుర్చీతో సహా ఎత్తారు.

దిగాక నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించాడు.

"నలభై అన్నందుకు ఏమీ అనుకోకురా. రెచ్చగొడితే తప్ప నువ్వు లేవవు. నాకు మూడొందలు చాలనుకున్నాను. నువ్వు నాలుగొందలు దాటించావు."

విప్పేసిన నా కట్ట వైపు చూశాను.

"ఆ ఇళ్లకి నేను పోతే కుక్కల్ని వదులుతారు. నువ్వు పోతే టీ ఇచ్చారు. వాళ్లు బూత్ దాకా రావడమే కష్టం మలాకీ. వచ్చి పెన్సిల్ పట్టుకున్నాక కిల్డే పేరు, నా పేరు పక్కపక్కన చూసి, ఏం చేస్తారు చెప్పు? వాళ్లూ మనవాళ్లే."

"మాసీ?" అన్నాను.

"మంచివాడు. మూతి ముడవడం బాగా వచ్చు. నీ పుస్తకంలో సాసేజి సంగతి మటుకు తప్పు. రెండు సాసేజీలు. రెండోది నీకిచ్చాను, గుర్తులేదా?"

గుర్తులేదు. అటువంటిదేమీ జరగలేదు. చీకట్లో ఎవరో ఏదో చేతిలో పెట్టారు. అది రొట్టె అనుకున్నాను.

మార్చి 7

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 9

ఆ తొమ్మిది మంది ఎవరో కనుక్కోవాలి. నాకు ఒకటి వేసి, రెండు ఒప్పందం వాళ్లకి వేసిన తొమ్మిది మంది. 329 మందిని క్షమించగలను, ఆ తొమ్మిది మందిని క్షమించలేను.

మార్చి 10, ఆదివారం

రాసేస్తాను. ఈ పుస్తకం నా కోసం కాకపోతే ఇంకెవరి కోసం.

కాగితం మీద పేర్లు వరసగా ఉన్నాయి. పైన కిల్డే, మధ్యలో థేడీ, అట్టడుగున నేను. నా పేరు పక్కన ఒకటి వేశాను. అంకె చక్కగా వచ్చింది. పెన్సిల్ కింద పెడదామనుకున్నాను. మిగతా కాగితమంతా ఖాళీగా ఉంది. కిల్డే పేరు పైన కూర్చుని నావైపు చూస్తోంది. ఆ లారీ గుర్తొచ్చింది. వానలో పక్కపక్కన కూర్చున్నాం, ఒకే గోనెపట్టా ఇద్దరి మీదా. థేడీ దారంతా ఏదో పిచ్చి కథ చెబుతూ వచ్చాడు, కాపలావాడు కూడా నవ్వాడు.

ఆ తర్వాత చెయ్యి ఏం చేసిందో చెయ్యినే అడగాలి.

కాబట్టి 329లో ఒకటి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మిగిలిన 328 ఎలా పడ్డాయో కూడా ఇప్పుడు తెలుస్తోంది.

డెలియాకి చెప్పలేదు.

మార్చి 11

డెలియాకి తెలుసు. "నేనూ అంతే," అంది. "కాకపోతే నేను ఒకటి థేడీకి వేసి, రెండు నీకేశాను."

మార్చి 14

తలుపు తట్టిన చప్పుడు. నోరా హెహిర్. కొండ కింద బురద సందులో ఉంటుంది. నా దగ్గర పుస్తకం తీసుకున్న మనిషి కాదు.

"మలాకీ గారూ, మా సందు సంగతి థేడీ గారికి ఒక మాట రాయాలి," అంది.

"అతనితో నాకు మాటల్లేవమ్మా."

"అయ్యో, అలాగంటే ఎలా? ఆయన్ని గెలిపించింది మీరే కదా. ఊరంతా అంటున్నారు. ఆయన మీకు బాకీ పడ్డాడు, మీరు రాస్తే కాదనలేడు అని."

"ఊరంతా అంటోందా?"

"బాట్ క్యూసాక్ అయితే, ఇద్దరూ కలిసి భలే ఎత్తు వేశారన్నాడు."

డెలియా వంటింట్లో ఏదో కింద పడేసి దగ్గింది. అది దగ్గు కాదు.

నోరా తమ్ముడు పేకీకి నడుం పడిపోయి రెండేళ్లయింది. సందులోకి బండి రాదు, డాక్టర్ కారు రాదు. అర మైలు బురద. రెండేళ్లుగా అతను గడప దాటలేదు. పూజకి కూడా పోలేదు.

"నేను రాయను," అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. డెలియా టీ పెట్టింది.

రాశాను. "అయ్యా, మీ రాజకీయ జీవితంలో ఒక్క పనైనా చెయ్యదలచుకుంటే" అని మొదలుపెట్టాను. అంత ఘాటుగా ఎవరూ రాసి ఉండరు.

మార్చి 19

థేడీ జవాబు. సభ ముద్ర ఉన్న కాగితం. "మిత్రమా మలాకీ, నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తే రోడ్ల ఇంజనీరుకి చెమటలు పట్టాయి. నా ఉత్తరాలకి ఎవరూ భయపడరు. ఇంకేమైనా ఉంటే ఇంత ఘాటుగానే రాయి." కింద సంతకం. కళ్లు తెరుచుకునే పెట్టినట్టుంది.

మార్చి 26

ఈ వారం ఏడుగురు వచ్చారు. ఒక నీళ్ల పంపు, రెండు పింఛన్లు, స్కూలు పైకప్పు, ఒక మూసిన వంతెన, సర్కారు పనిలో చేరాలన్న ఒకడు, ఇంగ్లండులో ఉన్న భర్త అడ్రసు కావాలన్న ఒకావిడ. డెలియా హాల్లో బెంచీ వేసింది. అడిగితే, "నిలబడితే చలి కదా" అంది.

అందరికీ ఒకే మాట చెబుతున్నాను: నాకు ఆ మనిషంటే గౌరవం లేదు. అందరూ తలూపి, తమ పేరు ఎలా రాయాలో చెబుతున్నారు.

ఏప్రిల్ 9

నోరా కబురు పంపితే వెళ్లాను. సందంతా కంకర. రోలరు తొక్కిన గుర్తులు ఇంకా ఉన్నాయి. బూట్లకి బురద అంటకుండా ఆ ఇంటి తలుపు దాకా నడిచాను. నడుస్తూ తప్పులు వెతికాను. ఒకచోట అంచు సరిగా లేదు. అంతే.

మాసీ కారు ఇంటి ముందే ఉంది. పేకీని పూజకి తీసుకెళ్లడానికి వచ్చాడట. పూజ రోజు కాదు కదా అన్నాను. "పేకీకి ఆ సంగతి చెప్పకండి, ఎలాగూ చర్చి తెరిచే ఉంటుంది" అన్నాడు మాసీ. ఇద్దరం కలిసి పేకీని ఎత్తి కారులో కూర్చోబెట్టాం. బరువు ఏమీ లేడు. నోరా దుప్పటి కప్పింది. కారు సందు చివరిదాకా పోయింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగి వచ్చింది.

"ఏమైంది?" అని పరుగెత్తింది నోరా.

"ఏమీ కాలేదు," అన్నాడు మాసీ. "ఇంకోసారి పోదాం అంటున్నాడు."

పేకీ అద్దం దించి నన్ను చూశాడు. "ఓటుకి రాలేకపోయాను మలాకీ గారూ. వచ్చుంటే ఒకటి మీకే."

"రెండో?" అన్నాను.

నన్ను ఎగాదిగా చూశాడు, ఇంత చదువుకున్న మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు. కారు మళ్లీ కదిలింది.

ఇంటికి వచ్చేసరికి బెంచీ మీద నలుగురున్నారు. ఒకావిడ ఒళ్లో కోడి ఉంది, నాకోసం కాదని ముందే చెప్పింది. డెలియా కొత్త కాగితాలు, సిరా బుడ్డి బల్ల మీద పెట్టి ఉంచింది. కూర్చున్నాను. "అయ్యా" అని మొదలుపెట్టి కొట్టేశాను. ఎనిమిది ఉత్తరాలయ్యాక ఆ మాట ఎవరికోసం.

"థేడీ, మళ్లీ నేనే."